వీరాస్వామయ్య మజిలీలు, మా అమ్మ విమానం

పోయిన ఏడాది ఒక ప్రాజెక్టు పోటీకి పోతూ దారిలో నాకు విమానం తప్పిపోయింది. రెండు టికెట్లు విడివిడిగా కొంటే పదిహేను వందలు తక్కువ పడుతుందని అట్లే కొన్నాను. మొదటిది దిగడానికీ రెండోది ఎక్కడానికీ మధ్య గంటా నలభై నిమిషాలు ఉంది. చాల్లే అనుకున్నా. మొదటిది ముప్పావుగంట లేటైంది. బ్యాగు బెల్టు మీదికి వచ్చేసరికి ఇంకో ఇరవై నిమిషాలు. బయటికొచ్చి, మళ్ళీ పై అంతస్తుకెక్కి, కౌంటరు కాడికి పరిగెత్తేసరికి మూసేసినారు. తప్పు నాదే. విడి టికెట్లు కాబట్టి, నేను ఇంకో విమానంలో దిగి వస్తున్నానని ఆ రెండో విమానం వాళ్ళకు తెలిసే దారే లేదు. కొత్త టికెట్టుకు పోయిన డబ్బుతో మూడు నెలల మెస్ బిల్లు కట్టొచ్చు. ఇంట్లో అప్పుడు చెప్పలేదు.

అట్లాంటి నాకే ఈ సంక్రాంతికి అక్క ఒక పని అప్పజెప్పింది. అక్క, బావ డల్లాస్‌లో ఉంటారు. ఏప్రిల్‌లో కాన్పు. అమ్మ పోవాల. నాయన పొలాన్నీ జేజినీ వదిలి రాలేడు, బావకు వచ్చి తీసుకపోయేంత సెలవు లేదు. అంటే అమ్మ ఒక్కతే. మాది ఆత్మకూరు. అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. తెలుగు తప్ప ఇంకో భాష రాదు. విమానాన్ని ఆకాశంలో చూడడమే గానీ ఎక్కింది లేదు. టికెట్టు నువ్వే చూడు, ఇంజనీరింగు చదువుతున్నావు కదా అని అక్క అనింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సరిగ్గా అప్పుడే మన క్లబ్బులో యాత్రా సాహిత్యం మీద రాయమన్నారు. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర స్కాన్ కాపీ ఫోన్‌లోకి దించుకున్నాను. 1941లో దిగవల్లి వేంకటశివరావు గారు వేసిన కూర్పు అది. బస్సులో కూర్చుని కొన్ని పేజీలు తిప్పేసరికి కడప వచ్చింది, అహోబిలం వచ్చింది, మా ఆత్మకూరు వచ్చింది. ఇంగ పుస్తకం మూయబుద్ధి కాలేదు. ఆయన గురించి నాకు తెలిసింది మీకు చెప్తాను. అమ్మ టికెట్టు సంగతి చివర్లో.

వీరాస్వామయ్య 1780 ప్రాంతంలో మదరాసులో పుట్టినాడు. తెలుగాయన. చిన్నప్పుడే తండ్రి పోయినాడు. పన్నెండేళ్ళ వయసుకే ఇంగ్లీషు చదవడం నేర్చి, జీతం లేకుండా కంపెనీ ఆఫీసులో పనికి చేరినాడు. మన భాషలో చెప్పాలంటే స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్. ఆ తర్వాత తిరునల్వేలి కలెక్టరు ఆఫీసులో దుబాసి. అట్లా ఒక్కో మెట్టు ఎక్కి, మదరాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్ అయినాడు.

దుబాసి అంటే రెండు భాషల మనిషి. కోర్టులో జడ్జికి తెలుగు, తమిళం రావు. బోనులో ఉన్నోడికి ఇంగ్లీషు రాదు. మధ్యలో దుబాసి. ఒక్క మాట అటూ ఇటూ అయితే ఒకరి ఆస్తి పోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఏళ్ళ తరబడి ఆ పని చేసిన మనిషికి ఒక అలవాటు పట్టుకుంటుందని నా అనుమానం. విన్నదాన్ని విన్నట్టు రాసుకోవడం, ఊహను లెక్కలో కలపకపోవడం. ఆయన యాత్ర పుస్తకం నిండా ఆ అలవాటే కనిపిస్తుంది.

యాభై ఏళ్ళ వయసులో ఆయనకు కాశీ పోవాలని పడింది. 1830 మే 18న మదరాసు నుంచి బయలుదేరినాడు. కుటుంబం, బంధువులు, పనివాళ్ళు, పల్లకీ మోసే బోయీలు, అంతా కలిపి దాదాపు వంద మంది. తిరిగి మదరాసు చేరింది 1831 సెప్టెంబరు 3న. నేను లెక్కేశాను, 473 రోజులు. అప్పటికి మన దేశంలో రైలు లేదు. మదరాసు వైపు మొదటి ప్రయాణికుల రైలు రావడానికి ఇంకా పాతికేళ్ళు ఉంది. టెలిగ్రాఫు లేదు. ముందు ఊళ్ళో ఏముందో తెలియాలంటే ఎదురొచ్చే వాళ్ళను అడగాల, లేదా పోయి చూడాల.

మరి వంద మందిని పోగొట్టుకోకుండా ఎట్లా నడిపించినాడు? మజిలీ లెక్కతో. ఈ మాట మనం వాడడం మానేశాం గానీ మంచి మాట. ప్రయాణంలో ఆగే చోటే మజిలీ. ఇప్పుడు ఎయిర్‌పోర్టుల్లో లేఓవర్ అంటున్నదీ అదే.

ఆయన పుస్తకంలో ఊరు తర్వాత ఊరు వస్తుంది. ఒక్కో ఊరికి దాదాపు అవే ప్రశ్నలు. పోయిన మజిలీ నుంచి ఎన్ని మైళ్ళు? దారి ఎట్లాంటిది, ఇసుకా, రాయా, రేగడా? నీళ్ళు బావివా, చెరువువా, ఏటివా, తాగడానికి పనికొస్తాయా? అంగళ్ళు ఉన్నాయా, సామాన్లు దొరుకుతాయా? దిగడానికి ఇల్లో సత్రమో ఉందా, లేక డేరా వేసుకోవాల్నా? గుడి గొప్పగా ఉంటే దాని గురించి రాస్తాడు, ఊరి జనం గురించీ రాస్తాడు, కానీ నీళ్ళ సంగతి మాత్రం విడిచిపెట్టడు. మన సీమలో పుట్టినోళ్ళకు అది ఎందుకో వేరే చెప్పక్కరలేదు.

తిరుపతి మీదుగా, కోడూరు, నందలూరు, ఒంటిమిట్ట దారిన ఆయన కడప చేరినాడు. ఎండాకాలం తోక అది. ఇప్పుడు మన బస్సులు పోయే దారి కూడా దాదాపు అదే. కడప అప్పటికి ముప్పై ఏళ్ళుగా కంపెనీ చేతిలో ఉంది. 1800లో నిజాం కంపెనీకి రాసిచ్చిన దత్త మండలాల్లో అదొకటి. కలెక్టరు, కోర్టు, బజారు అన్నీ ఉన్న ఊరు. అంటే పెద్ద మజిలీ. సామాను నింపుకోవడానికి, జబ్బు చేసినోళ్ళు తేరుకోవడానికి, ముందు దారి కనుక్కోవడానికి పనికొచ్చే చోటు.

కడప దాటి ఉత్తరానికి పోతే పాలకుడు మారతాడు. కర్నూలును అప్పుడు కందనూరు అనేవాళ్ళు. అక్కడ నవాబు గులాం రసూల్ ఖాన్. 1839లో కంపెనీ ఆయన్ను దించేసి సీమను కలిపేసుకున్నదాకా అది వేరే రాజ్యం కిందే లెక్క. కృష్ణ దాటితే నిజాం. ఇంకా పైకి పోతే నాగపూరు భోంస్లేలు. ఆ తర్వాత మళ్ళీ కంపెనీ. ఒక్కో చోట రహదారి కాగితం చూపాల, సుంకం చౌకీలో జవాబు చెప్పాల. రూపాయి కూడా ఊరికో రకం, మార్చుకుంటే బట్టా పోతుంది. ఇప్పుడు మనం వీసా, కస్టమ్స్, కరెన్సీ అని వేర్వేరుగా భయపడేవన్నీ ఆయనకు అహోబిలం పోయే దారిలోనే ఎదురైనాయి. అహోబిలం, శ్రీశైలం రెండు చోట్లా నవాబు మనుషులు యాత్రికుల కాడ డబ్బు వసూలు చేస్తారనీ, ఆ డబ్బులో గుడి బాగుకు ఖర్చయ్యేది లేదనీ ఆయన బాధపడతాడు. బాధపడుతూనే చెల్లించి ముందుకు పోయినాడు. దారిలో వాదనకు దిగితే వంద మంది ఎండలో నిలబడాల.

ఆ రోజుల్లో ఈ దారి ఎంత ప్రమాదమో ఒక్క సంగతి చెప్తాను. ఆయన రావడానికి సరిగ్గా మూడేళ్ళ ముందు, 1827 జులై 6న, మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రో మన పత్తికొండలో కలరాతో చనిపోయినాడు. గవర్నరంటే డాక్టరు, డేరాలు, గుర్రాలు, సైన్యం అన్నీ వెంట ఉంటాయి. అయినా ఒక్క మజిలీలో ప్రాణం పోయింది. అది తెలిసి కూడా వీరాస్వామయ్య ఆడవాళ్ళతో సహా ఇంటిల్లిపాదినీ తీసుకుని ఈ ఎండు నేల దాటినాడంటే, నీళ్ళ గురించి అన్నిసార్లు ఎందుకు రాసినాడో అర్థమైంది నాకు.

ఇంగ మా ఆత్మకూరు. శ్రీశైలానికి ఇటు వైపు నుంచి పోయే పాత కాలిబాట ఇక్కడే మొదలు. ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, అక్కడ నుంచి కొండెక్కితే మల్లన్న. నల్లమల అడవి, చెంచుల ఊళ్ళు. ఈ పేర్లు చదువుతుంటే ఒకటి గమనించాను. పెద్దచెరువు అంటే నీళ్ళు. భీముని కొలను అంటే నీళ్ళు. ఆ బాటలో మజిలీలు మనిషి పెట్టినవి కాదు, నీళ్ళు పెట్టినవి. ఎంత దూరమైనా నీళ్ళుండే చోటే ఆగాల, దాని ముందు ఆగితే చస్తారు, దాన్ని దాటి పోతే చీకటి పడుతుంది. నడక వేగాన్ని బట్టి మజిలీ పెట్టుకోవడం కుదరదు, మజిలీని బట్టే నడక.

శ్రీశైలం చూసుకుని, సంగమేశ్వరం ప్రాంతంలో కృష్ణ దాటి, ఆయన హైదరాబాదు దారి పట్టినాడు. ఇప్పుడు ఆ సంగమం ఏడాదిలో ఎక్కువ నెలలు శ్రీశైలం డ్యాము నీళ్ళ కింద ఉంటుంది, ఎండాకాలంలో గుడి బయటపడుతుంది. ఆ కాలంలో అక్కడ ఏరు దాటాలంటే పుట్టిలే. పుట్టిలో ఒక్కసారికి కొద్దిమందే పడతారు. వంద మంది, పల్లకీలు, మూటలు దాటాలంటే ఎంతసేపు పడుతుందో ఊహించుకోండి. అందులో కృష్ణకు వరద వచ్చిందంటే రోజుల తరబడి గట్టు మీదే పడి ఉండాల. ఆయన మే నెలలో, ఎండ మండుతున్నప్పుడు ఎందుకు బయలుదేరినాడా అని మొదట ఆశ్చర్యపోయాను. మ్యాపు ముందేసుకుని చూస్తే నా లెక్కకు ఇట్లా తోచింది. జులైలో పై నుంచి వరద దిగేలోపల కృష్ణ దాటేయాల. ఎండ దెబ్బకు చెట్టుంది, వరదకు ఏముంది?

హైదరాబాదు నుంచి నిర్మల్ దారిన నాగపూరు, అట్లా ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా. వచ్చేటప్పుడు పూరీ, గంజాం, విశాఖపట్నం, రాజమండ్రి, నెల్లూరు మీదుగా కోస్తా దారిన మదరాసు. పోయిన దారిన తిరిగి రాలేదు. కలకత్తా దాకా వెళ్ళినవాడు మళ్ళీ నల్లమల ఎక్కడమెందుకు? రానూ పోనూ వేర్వేరు దారులైతే దేశమంతా చూసినట్టూ అవుతుంది.

ఇదంతా దారి పొడుగునా రాసి మదరాసులో ఉన్న స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి పంపేవాడు. ఆ రాత పండితుల భాషలో ఉండదు. తెలుగులో ఉర్దూ, తమిళం, ఇంగ్లీషు మాటలు కలిసిపోయి, ఆఫీసు పని చేసే మనిషి ఇంట్లో మాట్లాడినట్టు ఉంటుంది. తెలుగులో వచ్చిన తొలి యాత్రా గ్రంథాల్లో అదొకటి. తిరిగొచ్చిన తర్వాత ఆయన ఎక్కువ కాలం బతకలేదు. 1836 అక్టోబరులో చనిపోయినాడు. పుస్తకం అచ్చయింది 1838లో, శ్రీనివాస పిళ్ళై పూనికతో. అంటే ఆయన తన పుస్తకాన్ని చేతిలో పట్టుకుని చూసుకోలేదు. ఏ మజిలీలో నీళ్ళు బాగుంటాయో రాసిపెట్టింది తన కోసం కాదు, తన వెనక వచ్చేవాళ్ళ కోసమని నాకప్పుడు అనిపించింది. వెనక వచ్చేవాళ్ళలో మా అమ్మ కూడా ఉంటుందని ఆయనకు తెలియదు.

ఇప్పుడు అమ్మ సంగతి. నేను మొదట చూసిన టికెట్టు అన్నిటికన్నా చవక. మూడు విమానాలు, రెండు విడి బుకింగులు, ఒక చోట గంటా పది నిమిషాల వ్యవధి. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాల్లో ఇంకా రెండు సీట్లే అని బెదిరిస్తోంది. వీరాస్వామయ్యను చదవకపోయుంటే నొక్కేసేవాణ్ణి. ఫోను పక్కన పెట్టి ఒక తెల్లకాగితం తీసుకున్నాను. ఒక్కో మజిలీకి ఆయన ప్రశ్నలే వేసుకున్నాను.

దారి ఎవరిది? అంటే టికెట్టు మొత్తం ఒకటే బుకింగా? ఒకే బుకింగ్ అయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే వేరే విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్ళది, బ్యాగు కూడా చివరిదాకా వాళ్ళే చేరుస్తారు. విడి టికెట్లయితే నాకు పట్టిన గతే.

రాజ్యం ఎక్కడ మారుతుంది? కొన్ని దేశాల్లో విమానం మారడానికి కూడా వేరే వీసా అడుగుతారు, అది ముందే చూసుకోవాల. అమెరికాలో అయితే మొట్టమొదట దిగిన ఊళ్ళోనే ఇమ్మిగ్రేషన్. అక్కడే బ్యాగులు తీసుకుని, కస్టమ్స్ దాటి, ఇంకో విమానం ఉంటే మళ్ళీ అప్పజెప్పాల. భాష రాని మనిషికి అదే కృష్ణ. కాబట్టి అమెరికాలో దిగిన తర్వాత ఇంకో విమానం ఉండకూడదు. దిగింది డల్లాస్ అయితే, గేటు బయట బావ నిలబడి ఉంటాడు.

ఎంతసేపు ఆగాల? గంటన్నర అయితే గుండె దడ. పదిహేను గంటలైతే ఒంటరి రాత్రి. నాలుగు గంటలు పెట్టుకుంటే మొదటిది గంట లేటైనా నడుచుకుంటూ పోవచ్చు.

నీళ్ళు ఎక్కడ? సెక్యూరిటీ కాడ బాటిల్లో నీళ్ళు పారబోయమంటారు, ఖాళీ బాటిల్ వెంట ఉంచుకోవచ్చు. లోపల పట్టుకోవాల.

చివరికి కుదిరింది ఇది. ఆత్మకూరు నుంచి కర్నూలు, కర్నూలు నుంచి బస్సులో శంషాబాదు. అక్కడ నుంచి దోహా, దోహా నుంచి డల్లాస్. ఒకటే బుకింగ్, ఒకటే మార్పు, నాలుగు గంటల మజిలీ. మొదటి టికెట్టు కన్నా పదకొండు వేలు ఎక్కువ. నాయన ఎందుకంత అన్నాడు. అప్పుడు చెప్పాల్సొచ్చింది, పోయిన ఏడాది నా విమానం కథ. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి పోయి డబ్బు తెచ్చి ఇచ్చినాడు.

అమ్మకు చెప్పడం ఇంకా కష్టమైంది. ట్రాన్సిట్ అన్నా, టెర్మినల్ అన్నా, గేటు నంబరు మారొచ్చన్నా, తల ఊపుతుంది గానీ కళ్ళల్లో భయం పోవట్లేదు. వీల్‌చైర్ సాయం ముందే అడిగితే ఎయిర్‌పోర్టు మనిషే గేటు దాకా తీసుకపోతాడన్నాను. నాకు కాళ్ళు లేవా అనింది. చిన్నప్పుడు జేజితో కలిసి శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయిన మనిషి మరి. అప్పుడు తట్టింది నాకు. అమ్మా, శంషాబాదు నాగలూటి అనుకో, దోహా పెద్దచెరువు అనుకో అన్నాను. పెద్దచెరువు కాడ ఏం చేసేవాళ్ళు మీరు? అమ్మ వెంటనే చెప్పింది. నీళ్ళు తాగుతాం, కాళ్ళు కడుక్కుంటాం, సద్ది తింటాం, మనోళ్ళందరూ వచ్చినారా అని చూసుకుంటాం, ముందు పోయేవాళ్ళను దారి అడుగుతాం, లేచి పోతాం. దోహాలో కూడా అంతేనమ్మా అన్నాను. విమానం దిగంగానే బోర్డులో డల్లాస్ గేటు నంబరు చూడు. ముందు ఆ గేటు కాడికి పో. గేటు కనబడినాకనే సద్ది. సందేహమొస్తే యూనిఫాం వాళ్ళకు ఈ కాగితం చూపించు. కాగితం మీద ఒక వైపు తెలుగులో అమ్మకు, ఇంకో వైపు ఇంగ్లీషులో వాళ్ళకు రాసిచ్చినాను. దుబాసి పని నేను కూడా ఒకసారి చేసినట్టయింది. వీల్‌చైర్ మాత్రం అడగనియ్యలేదు.

అమ్మ ఏప్రిల్ మొదటి వారంలో బయలుదేరింది. ఆ తెల్లవారుజామున హాస్టల్ టెర్రస్ మీద ఫోను పట్టుకుని తిరుగుతా ఉన్నా. దోహాలో దిగిన ముప్పావుగంటకు వాట్సాప్ కాల్ వచ్చింది. గేటు దొరికిందామ్మా అని అడగబోతే, తనే మొదలుపెట్టింది. దిగిన కాడ నుంచి గేటుకు శానా నడవాల, మధ్యలో చిన్న రైలు కూడా ఉంది, నీళ్ళు కుళాయి కాడ పట్టుకున్నా, సల్లగా బాగుండాయి, టీ మాత్రం మన లెక్కలో మూడు వందల పైమాట, తాగలేదు, కుర్చీలు మెత్తగా ఉండాయి, పక్కన గుంటూరాయమ్మ ఒకామె కూడా డల్లాసుకే. ఇంకోసారి ఎవరన్నా పోతే చెప్పొచ్చు, రాసి పెట్టుకో అనింది.

రాసి పెట్టుకున్నాను. మనవడు పుట్టినాడు, అమ్మ సెప్టెంబరులో తిరిగొస్తుంది. ఇప్పుడు తనకు నా కాగితం అక్కరలేదు.